నకానోలో వెండి చేతులు

టోక్యో తూర్పు వైపున్న నిషికసాయి స్టేషన్‌లో తోజాయ్ లైను రైలెక్కితే, ఎక్కడా దిగి మారే పని లేకుండా నగరం గుండెల్లోంచి దాటి పడమటి వైపు నకానోలో దిగవచ్చు. బయలుదేరగానే రైలు అరకావా నది మీద పొడవాటి వంతెన దాటుతుంది. నీళ్ళు, గట్టు మీద గడ్డి, బంతాట ఆడే పిల్లలు కనిపించి, అంతలోనే భూగర్భంలోకి దిగిపోతుంది. మళ్ళీ వెలుగు చూసేది నకానో దగ్గరే.

మా చెల్లెలి కాపురం నిషికసాయిలో. 2000 సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా కంప్యూటర్ ఉద్యోగాల మీద వచ్చిన భారతీయులు ఎక్కువగా స్థిరపడిన పేట అది. సాయంత్రం పార్కులో నడుస్తుంటే ఏదో ఒక బెంచీ దగ్గర తెలుగు వినబడుతుంది. మేనల్లుడు అక్కడి బడిలోనే చదువుతున్నాడు. ఇంట్లో తెలుగు, బయట జపనీసు. ఆ రోజు నాకు తోడూ వాడే, దుబాసీ వాడే.

"మామయ్యా, నిజంగా బొమ్మ కోసమేనా ఇంత దూరం?" అని రైల్లో అడిగాడు. అవునన్నాను. ఆ బొమ్మ కమెన్ రైడర్ ఒకటో నంబరుది.

మా చిన్నతనంలో దూరదర్శన్‌లో 'జెయింట్ రోబో' వచ్చేది. చేతి గడియారంలోకి మాట్లాడి ఆకాశమంత యంత్రాన్ని పిలిచే పిల్లవాడి కథ. దాన్ని తీసిన తోయె కంపెనీయే తర్వాత 1971 ఏప్రిల్ 3న కమెన్ రైడర్‌ను మొదలుపెట్టిందని పెద్దయ్యాక తెలుసుకుని, దాని వెంట పడ్డాను. ఇషినోమోరి షోతారో సృష్టించిన ఆ వీరుడిది దేవతలిచ్చిన బలం కాదు, వేరే గ్రహం నుంచి తెచ్చుకున్నదీ కాదు. హోంగో తకేషి అనే విద్యార్థిని షాకర్ అనే దుష్టముఠా ఎత్తుకుపోయి, మిడతను నమూనాగా పెట్టుకుని వాడి శరీరాన్ని కోసి యంత్రంగా మార్చేస్తుంది. మెదడును కూడా మార్చేలోపు తప్పించుకున్నాడు కాబట్టి మనిషిగా మిగిలాడు. శత్రువు చేసిన శరీరంతోనే శత్రువు మీద యుద్ధం. మోటారు సైకిలు మీద దూసుకుపోతుంటే గాలి వచ్చి నడుముకున్న బెల్టులోని చక్రాన్ని తిప్పుతుంది, ఆ గాలే అతని శక్తి. మెడలో ఎర్ర స్కార్ఫు వెనక్కి ఎగురుతుంది. మొత్తం 98 భాగాలు నడిచింది ఆ ధారావాహిక. పేర్లూ వేషాలూ మారుతూ ఆ పరంపర ఈనాటికీ సాగుతోంది.

ఇలాంటి వీరుడి బొమ్మను ఎంచడమంటే ముఖం బాగుందా, రంగు బాగుందా అని చూసి ఊరుకోవడం కాదని నా గట్టి అభిప్రాయం. ఆ వీరుడు ఏం చేస్తే ఆ వీరుడయ్యాడో అది ఈ బొమ్మ చేయగలదా? నేను మొదట అడిగేది అదే. కదిలే కీళ్ళు, విడి చేతులు, స్కార్ఫు, నిలబెట్టే దన్ను, ఇవన్నీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన సాక్షులు.

నకానో స్టేషన్ ఉత్తర ద్వారం దాటగానే సన్ మాల్ అనే పైకప్పున్న బజారు వీధి. చెప్పుల కొట్లు, మందుల కొట్లు, మిఠాయి కొట్లు దాటుకుంటూ నేరుగా నడిస్తే వీధి చివర నకానో బ్రాడ్‌వే నోరు తెరుచుకుని ఉంటుంది. 1966లో కట్టిన భవనం. కింది అంతస్తులు కొట్లు, పైన కాపురాలు. కింద నుంచి ఎస్కలేటర్ ఎక్కితే రెండో అంతస్తును వదిలేసి తిన్నగా మూడో అంతస్తుకే తీసుకుపోతుంది. రెండో అంతస్తుకు మెట్లు వెతుక్కుని దిగాలి. 1980లో పాత మాంగా పుస్తకాల చిన్న కొట్టుగా ఇక్కడ మొదలైన మందరకే ఇప్పుడు ఇదే భవనంలో ఎన్నో గదుల్లోకి విస్తరించింది. ఒక గదిలో పుస్తకాలు, ఒక గదిలో రేకు బొమ్మలు, ఒక గదిలో సినిమా చిత్రాల ముక్కలు. వాటి మధ్య ఇరుకు సందుల్లో విడి వర్తకుల కొట్లు, అద్దాల అరలు. ఒక్కో అరను ఒక్కొక్కరు అద్దెకు తీసుకుని తమ సరుకు పెట్టుకుని అమ్ముకుంటారు. ఒక అరలో ఒక మనిషి బాల్యమంతా కనబడుతుంది. పక్క అరలో ఇంకొకరిది.

ఆ అరల ముందు నిలబడితే ఈ వస్తువు చరిత్ర కూడా కళ్ళ ముందు సాగుతుంది. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ పన్నెండు అంగుళాల జి.ఐ.జో సైనికుణ్ణి తెచ్చినప్పుడు మగపిల్లలకు 'డాల్' అంటే అమ్ముడుపోదని 'యాక్షన్ ఫిగర్' అన్నారు. దాని మూసలనే జపాన్‌లో తకారా కంపెనీ 1972లో లోపలి యంత్రాలు కనబడే పారదర్శక శరీరంగా మార్చి హెన్షిన్ సైబోర్గ్ అని అమ్మింది. ఆ శరీరానికి రకరకాల వీరుల వేషాలు తొడిగేవారు. విజయవాడలో మా తరం ఆడుకున్న ఫన్‌స్కూల్ జి.ఐ.జోలు ఆ కుటుంబంలోనే తర్వాతి తరం, అరచేతిలో పట్టే చిన్న బొమ్మలు. మన దేశంలో వేసిన ఆ వింత రంగుల కోసం ఇప్పుడు విదేశాల సేకర్తలు వెతుకుతున్నారు. మేనల్లుడికి ఇదంతా చెబుతూ నడుస్తుంటే వాడు ఆగి, ఒక అద్దం మీద వేలు పెట్టాడు. "మామయ్యా, మీ ఒకటో నంబరు."

నిజమే, అక్కడ ఉంది. ఆరో వంతు కొలతలో, అంటే దాదాపు అడుగు ఎత్తున, నిజమైన గుడ్డతో, తోలులాంటి బట్టతో కుట్టిన దుస్తులు తొడిగిన బొమ్మ. దూరం నుంచి చూస్తే సినిమాలోంచి దిగివచ్చిన మనిషే. పెట్టె మూలలు పదునుగా ఉన్నాయి, లోపలి ప్లాస్టిక్ తొట్టి చెక్కు చెదరలేదు. కొట్టతను తాళం తీసి చూపించాడు. నేను ముందు మోచేతి లోపలి మడత చూశాను, తర్వాత చంక, తర్వాత మోకాలి వెనక. అసలు సంగతి ఆ మూడు చోట్లే తెలుస్తుంది. తోలులా కనబడే ఆ బట్టకు పైన పూసేది పాలియురెథేన్ పొర. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని తేమ దాన్ని లోలోపలే విరగ్గొడుతుంది. బొమ్మను ఎవరూ ముట్టుకోకపోయినా, పెట్టెలోంచి తీయకపోయినా అది ఆగదు. ఇక్కడ మోచేతి మడతలో ఆ పొర అప్పుడే సన్నగా పగిలి, వేలికి నల్లటి పొట్టు అంటింది. ఈ వయసు బట్టకు అది సహజం, ఎవరి తప్పూ కాదు. పొట్టు లేవడం మొదలైతే మాత్రం ఆపే మందు లేదు.

అదొక్కటే అయితే ఆలోచించేవాణ్ణి. అసలు పరీక్ష వేరే ఉంది. ఒకటో నంబరు రైడర్ రూపం మారే భంగిమ జపాన్‌లో పిల్లవాడికీ తాతకీ తెలుసు. ఎడమ పిడికిలి నడుము దగ్గర, కుడి చెయ్యి ఛాతీ మీదుగా ఎడమవైపు పైకి చాచి, వేళ్ళన్నీ నిటారుగా కలిపి ఉంచుతాడు. ఆ చేతిని అర్ధచంద్రాకారంలో కుడివైపుకు తిప్పి, చటుక్కున పిడికిలి చేసి నడుముకు లాగుతూ, ఎడమ చేతిని కుడివైపు పైకి విసురుతాడు. ఆ చెయ్యి ఛాతీ దాటి అవతలి వైపుకు వెళ్ళకపోతే ఒకటో నంబరు లేడు. నేను కొట్టతని అనుమతి అడిగి నెమ్మదిగా కుడి భుజం లోపలికి తిప్పాను. చంకలో దుస్తులు ముద్దగా కూడుకుని చెయ్యి సగం దారిలోనే ఆగిపోయింది. బలవంతం చేస్తే ఆ పొర అక్కడే చిరుగుతుంది. అద్దం వెనక నిలబెట్టి చూసుకునే వాళ్ళకు అది గొప్ప వస్తువే, ఆ కుట్టుపని చేసిన చేతులకు దండం పెట్టాలి. నాకు కావలసింది అది కాదు. కృతజ్ఞతలు చెప్పి తిరిగి ఇచ్చేశాను.

మూడో అంతస్తు లోపలి సందులో ఒక చిన్న కొట్టు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే మూడోవాళ్ళు బయట ఆగాలి. లోపల తెల్ల జుట్టు పెద్దాయన. ఆయన దగ్గర బందాయి వాళ్ళ ఎస్.హెచ్.ఫిగ్యుఆర్ట్స్ కోవలోది, కొత్త ఒకటో నంబరు, జానెడు ఎత్తు కూడా లేని బొమ్మ ఉంది. ఆ కోవ 2008లో మొదలైంది. అందులోనే షింకొచ్చో సెయిహో అని ఒక ప్రత్యేక వరుస ఉంది. వేషం బయటి గీతల నుంచి మొదలుపెట్టకుండా, ఆ వేషం వేసుకున్న మనిషి ఎముకల గూడు నుంచి మొదలుపెట్టి, కండ, ఆ తర్వాత దుస్తులు అన్న క్రమంలో మలుస్తారు. అందుకే ఆ వరుసలోని బొమ్మ నిలబడితే బరువు ఒక తుంటి మీదికి ఒరుగుతుంది, భుజం కాస్త జారుతుంది. ప్లాస్టిక్ లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్న భ్రమ కలుగుతుంది.

కొత్త ఒకటో నంబరు అని ఎందుకన్నానంటే, ఒకటో నంబరు ఒకడే అయినా వేషాలు మూడు. షూటింగు మొదటి రోజుల్లోనే హోంగో పాత్రధారి ఫుజియోకా హిరోషి మోటారు సైకిలు ప్రమాదంలో కాలు విరిగి ఆసుపత్రి పాలయ్యాడు. కథ ఆగకుండా పధ్నాలుగో భాగం నుంచి ఇచిమోంజి హయాతో అనే రెండో రైడర్‌ను తెచ్చారు, ఆ పాత్రలో ససాకి తకేషి. ఆయనకు అప్పటికి బండి నడిపే లైసెన్సు లేదని, బండి మీద గాలి తగిలి మారే దృశ్యాలు తీయడం కష్టమై, నిలుచున్న చోటే మారేలా చేతుల భంగిమ కల్పించారని చెబుతారు. అలా ఒక నటుడి గాయం లోంచి పుట్టిన కదలిక యాభై ఏళ్ళుగా ఒక దేశం పిల్లల ఒంట్లో ఉండిపోయింది. తర్వాత ఫుజియోకా కోలుకుని తిరిగివచ్చాడు. సకురజిమా అగ్నిపర్వతం దగ్గర తీసిన భాగాల్లో ఒక వేషం, పూర్తిగా తిరిగివచ్చినప్పుడు ఇంకో వేషం. ఆ చివరిదే కొత్త ఒకటో నంబరు. తేరిన ఆకుపచ్చ ముసుగు, చేతుల పొడవునా కాళ్ళ పొడవునా జంట గీతలు, వెండి రంగు చేతొడుగులు, వెండి రంగు బూట్లు. ఈ తేడాలు తెలియకుండా బొమ్మ ముందు కూర్చుంటే, ఏది ఎవరిదో తెలియక చేతికొచ్చింది కొనుక్కుపోతాం.

పెట్టె మీద అతికించిన చీటీని మేనల్లుడు చదివాడు. "వాడినదే. పెట్టెకు చిన్న నొక్కు ఉంది. సామాన్లన్నీ ఉన్నాయని రాశారు మామయ్యా."

పెద్దాయన బల్ల మీద ముదురు రంగు మెత్తటి గుడ్డ పరిచారు. విడి భాగాలు ఒక్కొక్కటే దాని మీద వరుసగా పెట్టారు. ఆ పెట్టిన తీరులోనే ఆయన ఎన్నేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నారో తెలిసింది. చేతులు జతలు జతలుగా, కుడి ఎడమలు ఎదురెదురుగా. స్కార్ఫు వేరుగా. బొమ్మ చివర.

నేను చేతుల దగ్గరే మొదలుపెట్టాను. కూచిపూడి తెలిసిన మన వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, హస్తం పలకకపోతే అభినయం మూగదే. పిడికిళ్ళ జత ఉంది. సగం తెరిచిన వేళ్ళ జత ఉంది. బండి హ్యాండిలు పట్టుకునే జత ఉంది. వేళ్ళన్నీ నిటారుగా కలిపిన చేతుల్లో కుడిది వెండి రంగులో మెరుస్తోంది. ఎడమది ఎర్రగా ఉంది.

ఎర్ర చేతొడుగులు, ఎర్ర బూట్లు కొత్త రెండో నంబరు రైడర్‌వి. అంటే ఎవరో ఇద్దరు రైడర్లనూ పక్కపక్కన పెట్టుకుని ఆడుకుని, సర్దేటప్పుడు చెయ్యి మార్చేశారు. లెక్కకు అన్నీ ఉన్నాయి, చీటీ మీద రాసింది లెక్క ప్రకారం నిజమే. భంగిమ మాత్రం సగమే ఉంది. మొదట చాచే కుడి చెయ్యి ఉంది, చివర పైకి విసిరే ఎడమ చెయ్యి లేదు. సరిగ్గా మనిషి వీరుడయ్యే క్షణానికి కావలసిన చెయ్యే లేదు. రెండో నంబరు తన భంగిమను పిడికిళ్ళతో ముగిస్తాడు, ఒకటో నంబరుకు అక్కడ తెరిచిన చెయ్యి తప్పదు.

మేనల్లుడి చేత అడిగించాను. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని ఆ చేతిని దీపం కిందికి తెచ్చుకున్నారు. ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. లేచి నడుము వంచి, వినయంగా క్షమించమన్నట్టు ఏదో అన్నారు. తర్వాత వెనకున్న సొరుగుల బీరువా తెరిచారు. ఒక్కో సొరుగులో చిన్న చిన్న గళ్ళు, గళ్ళలో బొమ్మల చేతులు, కత్తులు, బెల్టులు, స్కార్ఫులు, ఊడిన మీసకొమ్ములు. విరిగిపోయిన బొమ్మల్లోంచి పనికొచ్చేవి తీసి దాచినవట. వెతికి వెతికి ఒక వెండి ఎడమ చెయ్యి తీశారు. బొమ్మకు తొడిగి, కుడి చేతితో పోల్చి, వెండి రంగు ఒకేలా ఉందా అని మళ్ళీ దీపం కింద చూశారు. ఆ తర్వాతే నా వైపు జరిపారు.

అప్పుడు నేను మిగతా పరీక్ష చేశాను. చెయ్యి ఊడదీసి మణికట్టు లోపల చూశాను. అక్కడ చిన్న గుండు కీలు ఉంటుంది, అది విరిగి ముక్క లోపలే ఉండిపోతే ఎన్ని విడి చేతులున్నా తొడగడానికి చోటుండదు. పాత బొమ్మ కొనేవాళ్ళలో చాలామంది ఇది చూడరు. చేతుల అంచుల్లో, వేళ్ళ చివర్ల వెండి రంగు ఎంత అరిగిందో చూశాను, మాటిమాటికీ చేతులు మార్చే వాళ్ళ దగ్గర అక్కడే మొదట పోతుంది. తల మీది సన్నటి మీసకొమ్ములు నిటారుగా ఉన్నాయా, ఎర్రటి పారదర్శక కళ్ళలో లోపలి గీతలు కనబడుతున్నాయా, బెల్టు మధ్యలో చక్రం అద్దినట్టు కాక లోతుగా ఉందా అని చూశాను. మోకాలు మడిచి లోపలి అంచు చూశాను. పాదాలు పక్కకు ఎంత ఒరుగుతాయో చూసి, కాళ్ళు ఎడంగా పెట్టి ఏ దన్నూ లేకుండా నిలబెట్టాను. నిలబడింది. చీలమండ వదులైన బొమ్మ పది నిమిషాల్లో ముందుకు వాలుతుంది, అందుకని దాన్నలా నిలబెట్టి, ఆ లోగా పెద్దాయనతో మాటల్లో పడ్డాను. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం కాలం గడిచి పైకి ఊరితే జిగట తేలుతుంది, వాసన కూడా మారుతుంది. ఇది పొడిగా ఉంది.

చివరగా భుజం. లోపలి కీలును ముందుకు లాగగానే భుజం ఛాతీ వైపుకు జరిగి, కుడి చెయ్యి తడబాటు లేకుండా ఎడమ కంటి ఎత్తుకు వెళ్ళింది. తర్వాత కుడి పిడికిలి నడుముకు, వెండి ఎడమ చెయ్యి కుడివైపు పైకి. పెద్దాయన అప్రయత్నంగా తన ఎడమ చెయ్యి కూడా అలా ఎత్తారు. మేనల్లుడు ఆయన్ని చూసి తనూ ఎత్తాడు. ఆయన ఏదో అన్నారు.

"1971లో మొదటి భాగం చూశారట మామయ్యా. అప్పుడు రెండో తరగతట."

ఆ తరంలో పిల్లలు కాల్బీ వాళ్ళ కమెన్ రైడర్ చిరుతిండి పొట్లాలు కొని, లోపలి బొమ్మ కార్డు తీసుకుని తినేది పారేస్తున్నారని పెద్దలు గగ్గోలు పెట్టారు. మీరూ అంతేనా అని అడిగించాను. కాదట, వాళ్ళమ్మ పక్కన నిలబడి తినిపించిందట.

ఆ బొమ్మను కొన్నాను. ఆ కొట్లో దొరకనివి, ఆ రోజు కొనకుండా వదిలేసినవి కూడా చెప్పాలి. ఈ బొమ్మకు గాల్లో నిలబెట్టే దన్ను లేదు, ఆ కోవలో అది వేరుగా కొనుక్కోవాలి. రైడర్ కిక్ అంటే గాల్లోకి ఎగిరి ఒక కాలు చాచి తన్నడం కాబట్టి దన్ను లేకపోతే ఆ దృశ్యం లేదు. అది కొత్తదే మరో కొట్లో తీసుకున్నాను. రైడర్ నడిపే సైక్లోన్ మోటారు సైకిలు ఒకచోట కనబడింది గానీ ముందు గాజు పలక మీద గీతలు పడి ఉన్నాయి, వదిలేశాను. ఏది లేకపోతే వీరుడు అసంపూర్ణమో, ఏది లేకపోయినా పర్వాలేదో ముందే మనసులో తేల్చుకుని వెళ్ళాలి. నా లెక్కలో మొదట విడి చేతులు, తర్వాత స్కార్ఫు, దన్ను. బండి నాలుగోది. పెట్టె ఆఖరిది. పెట్టె నొక్కుకు పోయిన డబ్బు తగ్గింపుగా మనకే వస్తుంది.

స్కార్ఫుకు అంత పెద్దపీట ఎందుకో ఆ వారంలోనే ఇంకా బాగా తెలిసింది. టోక్యో నుంచి షింకన్‌సెన్‌లో సెందాయి, అక్కడ నుంచి సముద్రం వైపు వెళ్ళే రైల్లో ఇంచుమించు గంట ప్రయాణం చేసి ఇషినోమాకి వెళ్ళాం. ఇషినోమోరి షోతారో 1938లో పుట్టింది ఆ మియాగి ప్రాంతంలోనే, లోపలికి ఉన్న పల్లెలో. పిల్లవాడిగా సినిమాలు చూడటానికి సైకిలు తొక్కుకుంటూ ఇషినోమాకి వచ్చేవాడట. స్టేషన్ బయటి నుంచే వీధుల్లో ఆయన పాత్రల విగ్రహాలు మొదలవుతాయి. ఒక మలుపులో సైబోర్గ్ 009 జట్టు మనిషి, ఇంకో మలుపులో కమెన్ రైడర్. నది మధ్య లంకలో అంతరిక్ష నౌకలా గుండ్రంగా ఉన్న భవనం ఇషినోమోరి మాంగా మ్యూజియం. 2001లో తెరిచారు. 2011 మార్చి 11న సునామీ నది వెంట ఎగదన్ని ఆ లంకను ముంచెత్తింది. కింది అంతస్తులోకి నీళ్ళు, బురద, ఇళ్ళ దుంగలు దూసుకొచ్చాయి. భవనం నిలబడింది. మరుసటి ఏడాది నవంబరులో మళ్ళీ తెరిచారు. ఊరు ఇంకా చాలాచోట్ల ఖాళీగా ఉన్నప్పుడే ఒక మాంగా మ్యూజియాన్ని బాగు చేసుకోవాలని ఆ ఊరివాళ్ళు అనుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

లోపల ఆయన గీసిన అసలు కాగితాలున్నాయి. ఆయన ఒక్కరే గీసిన కామిక్ పుటలు లక్షా 28 వేలకు పైనేనని గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. సిరా గీతల్లో తెల్లరంగు దిద్దుళ్ళు కనబడతాయి. రైడర్ల విభాగంలో ముసుగు ముందు మేనల్లుడు చాలాసేపు నిలబడ్డాడు. మిడత మొహానికి ఏడుపు గీత లాంటిది కళ్ళ కింద ఉందని వాడు గమనించాడు. నేను అంతవరకూ చిన్న బొమ్మలోనే చూసిన ఆ నల్లటి గీతను మనిషి తలంత కొలతలో చూడగానే, ఆ ముఖంలో వీరం కన్నా దుఃఖమే ముందు కనిపించింది. తర్వాత గదికి వచ్చి బొమ్మ తీసి అదే గీత చూశాను. వెంట్రుక వాసి తేడా లేకుండా ఉంది. చెక్కిన వాళ్ళ మీద గౌరవం అప్పుడు ఇంకా పెరిగింది.

మ్యూజియం నుంచి బయటికి వచ్చినప్పుడు, లంక నుంచి ఊళ్ళోకి దాటే వంతెన మీద నది గాలి బలంగా వీస్తోంది. సినిమా కోసం మైళ్ళ దూరం సైకిలు తొక్కిన పిల్లవాడు పెద్దయ్యాక రెండు చక్రాల మీద గాలి తగిలితే బలం వచ్చే వీరుణ్ణి ఊహించాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆయన ఎక్కడైనా అలా చెప్పారని కాదు, ఆ వంతెన మీద నిలబడితే నాకు తోచింది అది. అందుకే స్కార్ఫు రెండు రకాలుగా ఉండాలంటాను. కిందికి వాలినది ఒకటి, గాలికి ఎగిరేది ఒకటి. ఎగిరే స్కార్ఫు తొడిగితే బెల్టులో చక్రం తిరుగుతున్నట్టే లెక్క. వాలిన స్కార్ఫుతో భంగిమ పెడితే చేతులు ఎంత సరిగ్గా ఉన్నా గాలి లేని చోట నిలబడ్డ మనిషే కనబడతాడు. నకానోలో తీసుకున్న పెట్టెలో రెండూ ఉన్నాయి. ఎగిరే దాని మెడ దగ్గర అతుకు కాస్త తెల్లబారింది, అంటే పాత యజమాని దాన్నే ఎక్కువ వాడాడు. ఎవరో నాలాంటివాడే.

తిరుగు ప్రయాణంలో బొమ్మను చేతి సంచిలోనే తెచ్చాను. విడి చేతులను ఒక్కో జతనూ మెత్తటి కాగితంలో వేరువేరుగా చుట్టాను. వెండి రంగు ఒకదానికొకటి రాసుకుంటే మెరుపు పోతుంది. స్కార్ఫు మెడ నుంచి తీసి పక్కన పెట్టాను, మెత్తటి ప్లాస్టిక్ గట్టి ప్లాస్టిక్‌కు నెలల తరబడి అంటి ఉంటే రంగు పాకుతుంది.

విజయవాడ వేసవి ఇలాంటి వస్తువులకు పెద్ద పరీక్ష. మేడ మీద పడమటి గదిలో మధ్యాహ్నం గాజు బీరువా లోపల చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టే ఉంటుంది. కీళ్ళు మెత్తబడి బరువుకు కాళ్ళు వంగుతాయి, ఎండ తగిలిన వైపు తెలుపు పచ్చబడుతుంది. అందుకని కింది అంతస్తులో తూర్పు గోడకు, కిటికీకి దూరంగా చోటు చేశాను. తేమ పీల్చే సిలికా పొట్లాలు వానాకాలానికి మార్చేటట్టు పెట్టాను. గాల్లో తన్నే భంగిమలో ఎప్పుడూ ఉంచను, తుంటి కీలు మీద బరువంతా పడుతుంది. మామూలుగా రెండు కాళ్ళ మీద నిలబెడతాను. చేతులు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం, చలికాలమైతే, మణికట్టుకు జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొద్దిగా వెచ్చదనం తగిలించి, గుండు కీలు బిగుతు సడలాక తిన్నగా లాగుతాను, పక్కకు తిప్పను.

మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఈ మార్చే పని వాడికే ఇచ్చాను. వాడిప్పుడు రెండో నంబరు కోసం వెతుకుతున్నాడు. ఆ కొట్టు పెద్దాయన, వాడు దాని కోసం వస్తే ఇవ్వడానికని, ఆ ఎర్ర చేతిని ఒక గడిలో వేరుగా పెట్టి ఉంచారట.